కంపెనీల వాతావరణ నివేదికలు: పంచాయతీ సభ్యులకొక పాఠము

ఇటీవల మేము కోస్తా ప్రాంతమున ఒక గ్రామ సభకు పోయియుంటిమి. ఆ యూరి పొలిమేరలో ఒక కర్మాగారము కలదు. దానిని నడుపు కంపెనీ దేశమందలి పెద్ద కంపెనీలలో ఒకటి. పంచాయతీ కార్యదర్శి ఆ కంపెనీ వార్షిక నివేదికనుండి ఒక పుటను సభలో చదివి వినిపించెను. ఆ పుటలో ఒక పట్టిక యున్నది. దాని మొదటి వరుసలో "సమీప ప్రజలు" అనియు, దాని కెదురుగా "ఈ సంవత్సరము వచ్చిన ఫిర్యాదులు 0, పరిష్కారము కానివి 0" అనియు వ్రాసియున్నది.

వెనుక కూర్చున్న వార్డు సభ్యురాలొకరు లేచి, "అదేమిటండీ! మా వీధి బోర్లలో నీళ్ళు తగ్గిపోతున్నాయని మూడేళ్ళ నుంచీ చెబుతూనే ఉన్నాం గదా" అనిరి. "ఎవరితో చెప్పినారమ్మా?" అని మేమడిగితిమి. "గేటు దగ్గర కావలి అతనితో చెప్పాం. ఒకసారి మేనేజరుగారి కారు ఆపి కూడా చెప్పాం" అని వారు బదులు చెప్పిరి. "కాగితము మీద వ్రాసి యిచ్చినారా?" అని అడుగగా వారు తల అడ్డముగా నూపిరి. సభ కొంతసేపు మాటలేక యుండెను.

ఆ సున్న తప్పని కంపెనీ కార్యాలయమున కూర్చుని నివేదిక వ్రాసిన ఉద్యోగికి తెలియదు. అతని యెదుట ఫిర్యాదుల పుస్తకము ఖాళీగా నున్నది. అతడు సున్న వేసినాడు. ఆ నివేదికను పట్టణములలోని బ్యాంకులవారు, వాటాదారులు చదివి, ఆ యూరిలో ప్రజలకు ఏ కష్టమును లేదని తలంతురు. నివేదిక కంపెనీదే యైనను అందలి అంకెలలో కొన్ని మన ఊరివి. ఆ అంకెలు సరిగా పడుటకు కంపెనీలు ఎట్లు సిద్ధపడవలెనో, పంచాయతీలు ఎట్లు తోడ్పడవలెనో ఈ పాఠమున వివరింపదలచితిమి.

లాభనష్టములకు తోడు మరియొక లెక్క

కంపెనీలు సంవత్సరాంతమున లాభనష్టముల లెక్క ప్రకటించుట మనము చిరకాలముగా ఎరిగినదే. సొమ్ము పెట్టిన వాటాదారునకు ఆ లెక్క తెలిసికొను హక్కు కలదు. కాని రూపాయల లెక్క యొక్కటే చాలదని అనుభవము నేర్పినది.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినపుడు నగరమంతటికిని విద్యుత్తు నిలిచిపోయినది. ఉక్కు కర్మాగారమున ఉత్పత్తి ఆగినది. విమానాశ్రయపు పైకప్పు దెబ్బతిన్నది. 2015 డిసెంబరు నాటి చెన్నై వరదలలో మోటారు వాహనముల కర్మాగారములు కొన్ని దినములు మూతపడినవి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటి, కోతకు వచ్చిన వరిని నీట ముంచినది. ధాన్యము తడిసిన నష్టము రైతుతో ఆగదు. మిల్లుకు సరకు తగ్గును. మిల్లు కూలీకి పని తగ్గును. అప్పిచ్చిన బ్యాంకునకు వాయిదా అందదు.

కావున సొమ్ము పెట్టువారును, అప్పిచ్చువారును కంపెనీలను రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. మారుచున్న వాతావరణము వలన మీకు కలుగు నష్టభయమేమి, దానికి మీరెట్లు సిద్ధపడియున్నారు అనునది మొదటిది. మీ పని వలన గాలికి, నీటికి, నేలకు, మనుష్యులకు కలుగుచున్న ఫలితమేమి అనునది రెండవది. ఈ రెండింటికిని అంకెలతో, ఆధారములతో ఇచ్చు సమాధానమే సుస్థిరతా నివేదిక.

నియమములు వచ్చిన విధము

అంతర్జాతీయ ఆర్థిక స్థిరత్వ మండలి 2015 డిసెంబరులో ఒక కార్యబృందమును నియమించినది. కంపెనీలు వాతావరణ నష్టభయమును ఎట్లు ప్రకటింపవలెనో ఆ బృందము 2017 జూన్‌లో సిఫారసు చేసినది. ఆ సిఫారసుల పునాదిపై 2023 జూన్‌లో ఐ.ఎఫ్.ఆర్.ఎస్. ఎస్-2 అను అంతర్జాతీయ ప్రమాణము వెలువడినది.

మన దేశమున వాటాల విపణిని నియంత్రించు సంస్థ సెబీ. అది 2012లోనే మొదటి 100 పెద్ద కంపెనీలను వ్యాపార బాధ్యతను గూర్చి నివేదిక ఇయ్యవలెనని ఆదేశించినది. పిమ్మట ఆ సంఖ్య 500కును, 1000కిని పెరిగినది. 2021 మే నెలలో "వ్యాపార బాధ్యత, సుస్థిరతా నివేదిక" అను క్రొత్త నమూనా వచ్చినది. దీనిని ఆంగ్లాక్షరములలో బి.ఆర్.ఎస్.ఆర్. అందురు. స్టాక్ ఎక్స్ఛేంజిలలో నమోదైన కంపెనీలలో విపణి విలువనుబట్టి మొదటి వేయింటికి 2022–23 సంవత్సరమునుండి ఇది తప్పనిసరి యైనది.

కంపెనీ తన్ను తాను పొగడుకొన్నచో నమ్ముట యెట్లు? అందుచేత 2023 జూలైలో సెబీ మరియొక మెట్టు చేర్చినది. వాయువులు, నీరు, విద్యుత్తు, వ్యర్థములు, కార్మికుల క్షేమము మొదలగు తొమ్మిది అంశముల అంకెలను బయటివారు పరీక్షింపవలెను. ఈ నియమము 2023–24లో మొదటి 150 కంపెనీలతో ఆరంభమై, 2026–27 నాటికి వేయింటికిని వర్తించునట్లు ఏర్పాటు చేయబడినది.

మన ఊరి బియ్యపు మిల్లుకు గాని, ఇటుకల బట్టీకి గాని ఈ ఆదేశము నేరుగా వర్తింపదు. ఊరి ప్రక్కనున్న పరిశ్రమ ఆ వేయి కంపెనీలలో ఒకదానికి చెందినదా కాదా యని పంచాయతీ మొదట తెలిసికొనవలెను.

నష్టభయము రెండు విధములు

మొదటి విధము ప్రకృతి వలన కలుగునది. అందు కొన్ని హఠాత్తుగా వచ్చును. తుపాను, వరద, వడగాలి యిట్టివి. కొన్ని మెల్లగా వచ్చును. భూగర్భ జలము ఏటికేడు క్రిందికి పోవుట, తీరమున బావులు ఉప్పుదేరుట, ఎండలు ముదిరి కార్మికుడు మధ్యాహ్నము పని చేయలేకపోవుట యిట్టివి. మెల్లగా వచ్చు కీడే మనలను ఎక్కువగా మోసగించును. తుపానుకు జెండా యెగురవేయుదురు. బావి యెండుటకు ఎవరును జెండా యెగురవేయరు.

రెండవ విధము లోకము తన పద్ధతులు మార్చుకొనుట వలన కలుగునది. ఐరోపా సమాఖ్య ఉక్కు, అల్యూమినియము, సిమెంటు, ఎరువులు మొదలగు దిగుమతులపై, వాని తయారీలో వెలువడిన వాయువులనుబట్టి రుసుము విధింపనెంచి, 2023 అక్టోబరునుండి లెక్కలు చూపవలెనని కోరినది; 2026 జనవరినుండి ఆ విధానము పూర్తిగా అమలులోనికి వచ్చినది. అచటికి సరకు పంపు కంపెనీకి లెక్క లేకున్నచో అదియు నొక నష్టమే.

సెబీ నమూనాలో కంపెనీ తనకు ముఖ్యమని తోచిన నష్టభయములను, వాని కారణములను, తాను చేయు ఉపాయమును, దాని వలన రాబడికి కలుగు మార్పును పట్టికగా వ్రాయవలెను. నీటిపై ఆధారపడిన కర్మాగారము ఆ పట్టికలో నీటి మాట యెత్తనిచో, ఏల యెత్తలేదని అడుగుట న్యాయము.

కంపెనీ యెట్లు సిద్ధము కావలెను?

2017 నాటి సిఫారసులు నాలుగు శీర్షికలను చూపినవి. పంచాయతీ నడుపువారికి అవి క్రొత్తవి కావు.

మొదటిది పాలన. వాతావరణ విషయము ఎవరి బాధ్యత? డైరెక్టర్ల బోర్డు దానిని చర్చించుచున్నదా? రెండవది వ్యూహము. రాబోవు పది, ఇరువది యేండ్లలో నీరు తగ్గినను, ఎండ పెరిగినను వ్యాపారము నిలుచునా? మూడవది నష్టభయ నిర్వహణము. ప్రమాదమును ముందుగా కనిపెట్టు పద్ధతి యేది? నాలుగవది కొలతలు, గమ్యములు. ఎంత వాడుచున్నాము, ఎంత తగ్గింతుము, ఎప్పటికి?

ఇందు నాలుగవది వ్రాయుట సులభము, చేయుట కష్టము. లెక్క వ్రాయవలెనన్నచో ముందు కొలత యుండవలెను. బోరుకు మీటరు లేనిచో నీటి అంకె ఊహయే యగును. జనరేటరుకు ఎంత డీజిలు పోసిరో దినచర్య పుస్తకమున వ్రాయనిచో వాయువుల లెక్కయు ఊహయే. కావున సిద్ధపడగోరు కంపెనీ నివేదిక వ్రాయు నెలలో గాక, సంవత్సరారంభమున మీటర్లతోను, చిట్టాలతోను పని మొదలుపెట్టవలెను. ప్రతి అంకెకును ఒక బిల్లు, ఒక బాధ్యుడు, ఒక తేదీ యుండవలెను. మొదటి యేడు కొన్ని అంకెలు అసంపూర్ణముగా నున్నచో అట్లే చెప్పుట మేలు. దాచిన లోపము మరునాటి పరీక్షలో బయటపడును. చెప్పిన లోపము సరిదిద్దబడును.

వాయువుల లెక్క మూడు పరిధులుగా నుండును. కంపెనీ తన ఆవరణలో తాను కాల్చిన బొగ్గు, డీజిలు, గ్యాసుల వలన వెలువడునది మొదటి పరిధి. తాను కొన్న విద్యుత్తును మరియొకచోట ఉత్పత్తి చేయుటలో వెలువడునది రెండవ పరిధి. తనకు సరకు పంపువారి యొద్దను, తన సరకు వాడువారి యొద్దను వెలువడునది మూడవ పరిధి.

ఒక చిన్న ఉదాహరణము చూతము. ఒక కర్మాగారము సంవత్సరమున 10,000 లీటర్ల డీజిలు కాల్చినదనుకొందము. ఒక లీటరుకు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అనగా బొగ్గుపులుసు వాయువు, వెలువడును. మొత్తము 27 టన్నులు. అదే కర్మాగారము 5,00,000 యూనిట్ల విద్యుత్తు వాడినదనుకొందము. మన దేశపు విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండి వచ్చుచున్నందున యూనిటుకు సుమారు 0.7 కిలోల చొప్పున 350 టన్నులగును. రెండును కలిపి 377 టన్నులు. కంటికి కనబడు జనరేటరు పొగ కంటె, కనబడని విద్యుత్తు వాటా పదుమూడు రెట్లని ఈ లెక్క చెప్పుచున్నది. ఎచ్చట పొదుపు చేసిన మేలో కొలిచినప్పుడే తెలియును.

నీటి అంకెను చదువుట

పంచాయతీకి అన్నిటికంటె ముఖ్యమైనది నీటి పట్టిక. చెరువు, కాలువ, నదులనుండి ఎంత తీసికొనిరి, భూగర్భమునుండి ఎంత తోడిరి, ఇతరులనుండి ఎంత కొనిరి, సముద్రమునుండి ఎంత గ్రహించిరి అని కంపెనీ విడివిడిగా కిలోలీటర్లలో చూపవలెను. ఒక కిలోలీటరు అనగా వేయి లీటర్లు. వాడిన నీటిని శుద్ధి చేసి విడిచిరా, చేయక విడిచిరా యనియు చెప్పవలెను.

ఒక కర్మాగారము దినమునకు 300 కిలోలీటర్ల భూగర్భ జలము తోడుననుకొందము. అది 3,00,000 లీటర్లు. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామమున మనిషికి దినమునకు 55 లీటర్లు ఇయ్యవలెనని ప్రమాణము కలదు. ఆ లెక్కన అది 5,400 మందికి పైగా జనులకు సరిపోవు నీరు. ఇట్లు మార్చి చెప్పినపుడు అంకె బరువు సభలో అందరికిని తెలియును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. కంపెనీకి నాలుగు రాష్ట్రములలో పది కర్మాగారములుండవచ్చును. నివేదికలో సాధారణముగా అన్నిటి నీరును కలిపి యొకే మొత్తముగా వ్రాయుదురు. ఆ మొత్తము తగ్గినను మన ఊరిలో వాడకము పెరిగియుండవచ్చును. నీటి ఎద్దడిగల ప్రాంతములలోని వాడకమును విడిగా చూపు భాగము నమూనాలో కలదు గాని అది తప్పనిసరి కాదు. కావున "మా ఊరి కర్మాగారపు అంకెను వేరుగా తెలుపుడు" అని పంచాయతీ మర్యాదగా అడుగవలెను.

అడుగుటకు మరియొక దారియు కలదు. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ననుసరించి పర్యావరణ అనుమతి పొందిన పరిశ్రమ, అనుమతిలోని షరతులను ఎట్లు పాటించుచున్నదో జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు ఆరు నెలలకొకసారి నివేదించుకొనవలెను. ఇది కంపెనీ మొత్తమునకు గాక ఆ యొక్క పరిశ్రమకే సంబంధించినది. నీటి వాడకమునకు అనుమతిలో ఎంత పరిమితి యున్నదో, నివేదికలో ఎంత చూపిరో పోల్చి చూచుకొనవచ్చును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, మనము వాల్టా యని పిలుచునది, భూగర్భ జల వినియోగమును క్రమపరచుటకే వచ్చినదని మరువరాదు.

కాని తొందరపడి తీర్పు చెప్పరాదు. బోర్లు ఎండుటకు కర్మాగారమే కారణము కావచ్చును. వర్షము తగ్గుట కారణము కావచ్చును. మన పొలములలో క్రొత్తగా వేసిన బోర్లును కారణము కావచ్చును. మన యొద్ద కొలత లేనిచో మన మాటయు కంపెనీ సున్న వంటిదే యగును. భూగర్భ జల శాఖవారు పరిశీలక బావులలో నీటి మట్టమును కొలుచుచున్నారు. ఆ వివరములను తెప్పించుకొనుడు. ఊరిలో రెండు మూడు బావులను ఎన్నుకొని, బరువు కట్టిన కొలతనాడాతో నెలకొకసారి అదే తేదీన మట్టము చూచి పుస్తకమున వ్రాయించుడు. రెండేండ్ల కొలతలున్న పంచాయతీ మాటను ఎవరును తేలికగా త్రోసిపుచ్చలేరు.

ఫిర్యాదుల పట్టిక

నమూనా మొదటి భాగముననే ఫిర్యాదుల పట్టిక కలదు. సమీప ప్రజలు, వాటాదారులు, ఉద్యోగులు, వినియోగదారులు మొదలైనవారి నుండి ఎన్ని ఫిర్యాదులు వచ్చినవి, సంవత్సరాంతమున ఎన్ని మిగిలినవి, వానిని స్వీకరించు ఏర్పాటు కలదా లేదా యని అందు చెప్పవలెను. గత సంవత్సరపు అంకెలును ప్రక్కన చూపవలెను.

సున్న రెండు విధములుగా పుట్టును. ప్రజలకు కష్టము లేనిచో సున్న వచ్చును. కష్టము చెప్పుకొను చోటు లేకున్నను సున్నయే వచ్చును. చదువువానికి ఆ రెంటి భేదము తెలియదు. కావున సిద్ధపడు కంపెనీ చేయవలసిన మొదటి పని, ఊరివారికి తెలిసిన భాషలో, తెలిసిన చోట, ఫిర్యాదు పుచ్చుకొను మనిషిని నియమించుట. ఆ మనిషి పేరును, కలిసికొను వేళలును పంచాయతీ కార్యాలయపు గోడపై నుండవలెను. కావలివానితో చెప్పిన మాట కూడ పుస్తకమునకు ఎక్కు పద్ధతి యేర్పడవలెను. ఇది కంపెనీకి నష్టము కాదు. చిన్న ఫిర్యాదును వినిన కంపెనీకి పెద్ద కలహము ముందుగా తెలియును. నష్టభయమును కనిపెట్టుట యన నిదియే.

ఇచ్చట మరియొక మాట. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను క్రింద పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చించుచున్నవి. తాము పనిచేయు ప్రాంతమునకు ప్రాధాన్యము నీయవలెననియు అందున్నది. పాఠశాలకు గది కట్టించిన సంతోషమే. కాని పాఠశాల గది నీటి లెక్కకు బదులు కాదు. ఆ రెంటిని కలిపి మాటలాడుట పంచాయతీకి తగదు, కంపెనీకిని తగదు.

రైతుల వంతు

మూడవ పరిధి మన పొలములదాక వచ్చును. వరి మళ్ళలో నీరు నిలువయున్నపుడు మీథేను అను వాయువు పుట్టును. నూరేండ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 28 రెట్లు వేడిని పెంచును. మడిని తడిపి, ఆరనిచ్చి, మరల తడుపు పద్ధతి వలన ఈ వాయువును, నీటి ఖర్చును తగ్గును. బియ్యము, పంచదార, రొయ్యలు, ప్రత్తి కొను పెద్ద కంపెనీలు తమ సరఫరాదారుల లెక్కలను కోరుట క్రమముగా పెరుగుచున్నది. కంపెనీ కొనుగోళ్ళలోగాని అమ్మకములలోగాని 2 శాతము, అంతకు మించిన వాటా గలవారి వివరములను మొదటి 250 కంపెనీలు 2025–26 నుండి స్వచ్ఛందముగా చూపవచ్చునని సెబీ సవరించినది. చిన్న రైతుకు ఆ వాటా యుండదు. అతని సరకు పుచ్చుకొను మిల్లుకు, వ్యాపారికి ఉండవచ్చును. రేపు ఆ మిల్లువారు రైతును కాగితములడిగినచో కంగారుపడనక్కర లేదు. కాని కొలత వేయు ఖర్చు ఎవరిది, మంచి పద్ధతికి మంచి ధర కలదా యని రైతు సంఘములు ముందుగా అడిగి తెలిసికొనవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. ఊరి సమీపమందలి పరిశ్రమ ఏ కంపెనీదో, అది నివేదిక ఇయ్యవలసిన వేయింటిలో నున్నదో లేదో కనుగొనుడు. నివేదికలు కంపెనీ వెబ్‌సైటులోను, స్టాక్ ఎక్స్ఛేంజిల వెబ్‌సైటులలోను దొరకును. అవి సాధారణముగా ఆంగ్లములో నుండును. ఊరి ఉపాధ్యాయుని గాని, కళాశాల విద్యార్థిని గాని పిలిచి చదివించుకొనుడు.

2. మూడు చోట్లు తప్పక చూడుడు: ఫిర్యాదుల పట్టిక, నీటి పట్టిక, నష్టభయముల పట్టిక. గత సంవత్సరముతో పోల్చుడు.

3. పరిశ్రమ పర్యావరణ అనుమతి ప్రతి పంచాయతీకి రావలసియున్నది. అది దస్త్రములో నున్నదో లేదో చూడుడు. లేనిచో అడిగి తెప్పించుకొనుడు.

4. ప్రజల కష్టములను తేదీతో, స్థలముతో, కొలతతో వ్రాయించి, కంపెనీకి ఇచ్చి, అందినట్లు రశీదు పుచ్చుకొనుడు. "నీరు లేదు" అనుట కంటె "ఫలానా వీధి బోరు నిరుడు మే నెలలో ఇన్ని అడుగులకు అందినది, ఈ యేడు ఇన్ని అడుగులకు దిగినది" అని వ్రాసినచో బలము హెచ్చు.

5. తుపాను, వరదల వేళ కంపెనీకి గల విపత్తు ప్రణాళికయు, పంచాయతీ ప్రణాళికయు కలిసి నడచునట్లు చూడుడు. పరిశ్రమలోని రసాయనములు, కట్టలు, నీటి మళ్ళింపులు ఊరికి తెలిసియుండవలెను.

6. క్రొత్త పరిశ్రమకు ప్రజాభిప్రాయ సేకరణ జరుగునపుడు ముప్పది దినముల ముందు ప్రకటన వచ్చును. ఆ ముప్పది దినములును చదువుటకే ఇచ్చినవని గ్రహింపుడు.

నివేదిక దానంతట అది బావిలో నీరు ఊరింపదు. పరీక్షించినవారి సంతకమున్నను, ఊరిలో జరుగుచున్నది ఊరివారు చెప్పనిదే ఎవరికిని తెలియదు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము నీటి నిర్వహణమును, త్రాగునీటిని పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో చేర్చినది. ఆ బాధ్యతను మోయువారికి పొరుగునున్న కంపెనీ లెక్క చదువుటయు, దానిని తమ లెక్కతో సరిచూచుటయు నేడు అవసరమైనది.

ఆ కోస్తా గ్రామమున సభ ముగియక ముందే కార్యదర్శి ఒక క్రొత్త పుస్తకము తెరచెను. ఆ వార్డు సభ్యురాలు తమ వీధిలో ఏడు బోర్ల వివరములు చెప్పగా ఆయన వ్రాసికొనెను. మరునాడు వారిద్దరును కర్మాగారమునకు పోయి అర్జీ యిచ్చి, రశీదు తెచ్చుకొనిరి. దానికి పరిష్కారమెట్లుండునో ముందుగా చెప్పలేము. కాని రాబోవు నివేదికలో ఆ మొదటి వరుస సున్నగా నుండుటకు వీలులేదు.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరి సమీపమున నివేదిక ఇయ్యవలసిన కంపెనీ యేదైన కలదా? దాని ఫిర్యాదుల పట్టికలో మన ఊరి మాట యున్నదా?

2. మన ఊరి త్రాగునీటి బావుల మట్టమును ఎవరు కొలుచుచున్నారు? ఎచ్చట వ్రాయుచున్నారు?

3. గత తుపానులోగాని, వరదలోగాని సమీప పరిశ్రమ ఎన్ని దినములు ఆగినది? దాని వలన మన ఊరిలో ఎన్ని కుటుంబములకు కూలి పోయినది?

4. కంపెనీ ఫిర్యాదు పుచ్చుకొను మనిషి యెవరో మన సభ్యులలో ఎందరికి తెలియును?